రెండో షెడ్డులో ఆరిన వెలుగు

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఏదో చెప్పబోయింది గానీ దగ్గు తెరలు తెరలుగా వచ్చి మాటను బయటికి రానివ్వలేదు. సాయిగణేష్ కుర్చీ జరిపి మంచినీళ్ళు అందించాడు. ఆమె తాగి, తడిసిన గొడుగును గోడకు ఆనించి, గదిలో ఉన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

తమిళులు ఎక్కువగా ఉండే ఆ టౌనులో, నటేశన్ నగర్‌లోని ఆ మేడమీది గదికి వచ్చేవాళ్ళు ముందు సాయిగణేష్‌నే డిటెక్టివ్ అనుకుంటారు. కిటికీ పక్కన కొంగు భుజం చుట్టూ కప్పుకొని కూర్చున్న లోగనాయకిని చూస్తే, పక్కింటి పెద్దమ్మ కాసేపు మాట్లాడిపోదామని వచ్చిందనిపిస్తుంది. కానీ బీమా కంపెనీలో ఉన్నంతకాలం కాలిపోయిన గోదాముల్లో, చచ్చిపోయిన పశువుల కొట్టాల్లో నిజాన్ని వెతికిన మనిషి ఆవిడ. ఉద్యోగం మానుకున్నాక అదే పని సొంతంగా పెట్టుకుంది. కేబుల్ చానల్లో విలేకరిగా పనిచేసిన సాయిగణేష్ అప్పుడే ఆవిడ దగ్గర చేరాడు. ప్రతి కేసులోనూ ఆవిడకంటే ముందు తనే దోషిని పట్టుకోవాలని అతని కోరిక. ఇంతవరకూ ఒక్కసారీ తీరలేదు.

"లోగనాయకి గారంటే..." అంది ఆ అమ్మాయి.

"నేనేనమ్మా. కూర్చో. తెలుగింటి పిల్లవేనా?"

"అవునక్కా. నా పేరు ఆర్తి. పుట్టిల్లు లాస్‌పేట. ఏంబలంలో కోళ్ళ ఫారం పట్టాభిరామన్ గారి చిన్న కోడల్ని."

తుపాను వానలో కోళ్ళ షెడ్డులో పడి ఒక పెద్దాయన పోయాడని పేపర్లో చదివిన సంగతి సాయిగణేష్‌కు గుర్తొచ్చింది.

"ఆయన్ని నేనే చంపినానంట," అంది ఆర్తి. "ఇంట్లో అందరూ అదే అంటా ఉండారు. పోలీసులు ప్రమాదమని రాసుకొని పోయినారు. నాకు ఒక్కటే కావాలక్కా. నేను పెట్టించిన లైట్లే మామయ్యను చంపినాయా? అవునంటే అవునని చెప్పండి, తట్టుకుంటా. తెలీకుండా మాత్రం ఉండలేను."

లోగనాయకి వెంటనే ఓదార్చలేదు. "మొదట్నుంచీ చెప్పు," అంది.

ఆర్తి చెప్పింది. ఆ ఫారంలో మూడు షెడ్లు. పొదిగించే గుడ్లకోసం పెంచే కోళ్ళు, నేలమీద పరిచిన వరిపొట్టులో తిరుగుతుంటాయి. ఆర్తి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. పెళ్ళయ్యి ఏంబలం వచ్చాక, పాత గుండు బల్బులు వెలుతురుకంటే వేడికే ఎక్కువ కరెంటు తింటున్నాయని మామగారికి చూపించింది. పెద్దాయన నవ్వి, అయితే నువ్వే మార్చమ్మా అన్నాడు.

"ఎల్ఈడీ అంటే అన్నీ ఒకటి కాదక్కా. కోడికి వెలుతురే గడియారం. పగలు పొట్టిదైతే గుడ్డు తగ్గిపోతుంది. అందుకే తెల్లారకముందే కొంతసేపు లైట్లు వేస్తాం. ఎండ బాగా వచ్చినాక మెల్లగా తగ్గించి ఆపేస్తాం. తెల్లటి వెలుతురు గట్టిగా పడితే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. మన కంటికి కనపడని వెలుతురు అదురు కూడా కోడి కంటికి కనపడుతుంది. అందుకని పసుపూ ఎరుపూ కలిసిన కాంతి, అదురు లేనిది, దుమ్మూ నీళ్ళూ లోపలికి పోనిది, డిమ్మర్ తిప్పితే సాయంకాలం వచ్చినట్టు తగ్గేది వెతికి వెతికి తెప్పించినా. మూడు షెడ్లకూ అవే."

"తెచ్చిచ్చింది ఎవరు?"

"బజార్లో ఎలక్ట్రిక్ అంగడి సీతాపతి గారు."

ఆ తర్వాత పొట్టు దుమ్ముకు ఆర్తి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. కొన్నాళ్ళు షెడ్ల వైపే పోవద్దన్నాడు డాక్టరు. ఆమె లాస్‌పేటలో అమ్మ దగ్గర ఉండిపోయింది. భర్త ముకుందన్ ఆమె బదులు లైట్ల పని చూసుకుంటూ, రోజూ ఫోన్లో అన్నీ చెప్పేవాడు.

"వానలు తగ్గినాక మళ్ళీ ఫారానికి పోదామనుకున్నా. ఎప్పుడొస్తావమ్మా అని మామయ్య అడగతానే ఉండినాడు."

తుపాను రోజు జల్లు కొట్టకుండా షెడ్లకు చుట్టూ టార్పాలిన్లు దించేశారు. లోపల పట్టపగలే చీకటి. పెద్దాయన లైట్లు వేయించాడు. సాయంత్రం కోళ్ళు పడుకునే వేళకు ఒక్కో షెడ్డుకూ పోయి తనే డిమ్మర్లు తగ్గించాడు. మొదటి షెడ్డులోనూ మూడో షెడ్డులోనూ ఏమీ కాలేదు. రెండో షెడ్డులో మాత్రం లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. బెదిరిన కోళ్ళు ఒక మూలకు పరుగెత్తి ఒకదానిమీద ఒకటి పడి, అడుగునున్నవి ఊపిరాడక చచ్చిపోసాగాయి. వాటిని విడదీద్దామని పెద్దాయన చీకట్లోనే లోపలికి ఉరికాడు. కాలుజారి సిమెంటు స్తంభానికి తల కొట్టుకుంది.

"మా ఆయన అన్న, బావ, ఒళ్ళో పెట్టుకొని టౌను ఆస్పత్రికి తెచ్చినాడు. నేనూ పోయినా. మామయ్యకు ఒకసారి తెలివొచ్చింది. చిన్నోడు యాడ అని అడిగినాడు. మా ఆయన వచ్చేలోపే..."

"మీ ఆయన యాడుండినాడు?"

"ఫారంలోనే. చచ్చిన కోళ్ళను తీయించి రావాల కదా. పాపం, ఆ దుమ్ముకు కళ్ళెర్రబడి వచ్చినాడు."

"నువ్వు ఈడికి వచ్చినట్టు ఆయనకు తెలుసా?"

"వద్దన్నాడు. జరిగిందేదో జరిగిపోయింది, ఫారం అన్నకు వదిలేసి మనం లాస్‌పేటలోనే ఉండిపోదాం అన్నాడు. నా బాధ చూడలేక అన్నాడులెండి."

లోగనాయకి లేచి చెప్పులు తొడుక్కుంది. "సాయీ, కారు తియ్యి."

*

ఏంబలం ఫారంలో వాళ్ళకు ముందుగా ఎదురొచ్చింది రాఘవన్. పెద్దాయన పెద్దకొడుకు. భారీ మనిషి, గొంతూ అంతే.

"ఏందమ్మా, చచ్చినోణ్ణి లేపుకొస్తారా మీరు?" అన్నాడు. "నేను ముందే చెప్పినా నాయనకు. గుండు బల్బులతో ఇన్నేళ్ళు కోళ్ళు గుడ్లు పెట్టలేదా? చదువుకున్న కోడలు చెప్పిందని మార్చినాడు. కర్మలు అయిపోనీ, ఈ లైట్లన్నీ పీకి పారేస్తా."

వసారాలో గోడకానుకొని కూర్చున్న పెద్దాయన భార్య అమ్మాయమ్మ కోడలి ముఖం వైపు చూడనే లేదు. ఆర్తి మూతికి గుడ్డ కట్టుకుని ఒక పక్కగా నిలబడింది. అప్పుడు లోపల్నుంచి ముకుందన్ వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. వచ్చినవాళ్ళకు గొడుగులిచ్చి, భార్య చెయ్యి పట్టి వసారాలోకి ఎక్కించాడు.

"నువ్వు షెడ్డు దగ్గరికి రావద్దు ఆర్తీ. ఈ తేమకు ఇంకా ఎక్కువవుతుంది. నేను చూపిస్తా వాళ్ళకు."

మొదటి షెడ్డులో వెచ్చటి పసుపు కాంతి కింద కోళ్ళు గొణుగుతూ తిరుగుతున్నాయి. లోగనాయకి స్టూలు తెప్పించుకుని ఎక్కి, కొంగు చివరతో ఒక లైటును తుడిచింది. కొంగు బూడిదరంగుకు తిరిగింది. రెండో షెడ్డులోనూ అలాగే తుడిచింది. కొంగుకు ఏమీ అంటలేదు. మూడో షెడ్డులో మళ్ళీ బూడిద.

"లైట్లు కడుగుతారా?" అని రాఘవన్‌ను అడిగింది.

"కోళ్ళుండగా ఎవురు కడుగుతారు? బ్యాచ్ మారినప్పుడే."

"మూడు షెడ్లలో ఉండేది ఒకే బ్యాచ్చేనా?"

"ఒకే రోజు దించిన పిల్లలు. మేత ఒకటే, నీళ్ళు ఒకటే."

రెండో షెడ్డుకు తిరిగొచ్చి ఆవిడ చాలాసేపు కోళ్ళనే చూస్తూ నిలబడింది. ముకుందన్ డిమ్మర్ తిప్పి చూపించాడు. వెలుతురు పొద్దుగూకినట్టు నెమ్మదిగా తగ్గి, కోళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని కూర్చున్నాయి.

"ఇప్పుడు బాగానే పనిచేస్తుంది," అన్నాడు రాఘవన్ ఎగతాళిగా. "ఆ పొద్దు ఏమొచ్చిందో చెప్పమను."

బయటికి రాగానే సాయిగణేష్ గుసగుసగా అన్నాడు: "అక్కా, లైట్లు బాగున్నాయి. డిమ్మరూ బాగుంది. అంటే ఆ రోజు ఎవరో మెయిన్ స్విచ్చే లాగేసినారు. రాఘవన్ కోపం చూసినారు కదా?"

"కోపం చూసినా. నువ్వు కోళ్ళ వీపులు చూసినావా?"

అతను చూడలేదు. వెనక్కి వెళ్ళి చూశాడు. రెండో షెడ్డు కోళ్ళ వీపులమీద ఈకలు ఊడి, చర్మం కనిపిస్తోంది. పొడుపు గాయాలు మానిపోయి చెక్కు కట్టాయి. ఒకటో షెడ్డువీ మూడో షెడ్డువీ నిగనిగలాడుతున్నాయి.

ఫారం చివర పనివాళ్ళ ఇళ్ళ వరస. మొదటి ఇల్లు మాడసామిది. తెలుగింట్లో ఎన్నో ఏళ్ళు పనిచేయడంవల్ల తమిళం కలిసిన తెలుగు తడబడకుండా మాట్లాడతాడు. వాన మబ్బుకు అతని వసారాలో పగలే లైటు వెలుగుతోంది. తెల్లటి బల్బు. దాని మెడచుట్టూ బూడిదరంగు పొట్టు దుమ్ము పేరుకుని ఉంది.

"కొత్త బల్బా?" అంది లోగనాయకి.

"ఇంటోళ్ళిచ్చిందేమ్మా. పెద్దయ్య పోయినాక ఇంటికొకటి ఇచ్చినారు."

"రెండో షెడ్డు కోళ్ళు పొడుచుకుంటా ఉండినాయే, ఎవురికైనా చెప్పినావా?"

"అయ్యో, అప్పుడే చెప్పినా. తెల్లారకముందు మేత వేసేటప్పుడు వీడియో తీసి చిన్నయ్యకు పంపినా. ఆర్తమ్మకు చెప్తానన్నాడు." మాడసామి ఫోన్ తీసి చూపించాడు. రక్తం కారుతున్న ఒక కోడి. బొమ్మ మీద నల్లటి చారలు కిందినుంచి పైకి పాకుతున్నాయి. ఫోను పాతబడింది కాబోలు అనుకున్నాడు సాయిగణేష్. లోగనాయకి మాత్రం ఆ వీడియోను తన ఫోనుకు పంపించుకుంది.

"పెద్దాయన పడిన సాయంత్రం చచ్చిన కోళ్ళను తీసింది ఎవురు?"

"నేనూ మా ఆడమనిషీ. షాక్ కొడుతుందేమో, లోపల కరెంటు సంగతి నేను చూసుకుంటా, మీరు కోళ్ళను పూడ్చే గుంత దగ్గరే ఉండండి అన్నాడు చిన్నయ్య."

వసారాకు తిరిగొచ్చాక లోగనాయకి ఆర్తిని ఒకే మాట అడిగింది. "రెండో షెడ్డులో కోళ్ళు పొడుచుకుంటున్నాయని నీకు ఎవరైనా చెప్పినారా?"

"లేదక్కా," అంది ఆర్తి ఆశ్చర్యంగా. "నా లైట్ల కింద పొడుచుకోవే అవి!"

*

బజారులో సీతాపతి అంగడి. ముత్తాతల నాడు ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు వర్తకుల కుటుంబం. డూప్లికేటు లైట్లిచ్చారా అని సాయిగణేష్ అడగగానే ఆయన ముఖం ఎర్రబడింది.

"మా అంగడికి వచ్చి ఆ మాట అంటారా? ఆర్తమ్మ ఏది అడిగితే అదే తెప్పించినా. ఇంట్లో వాడే మామూలు ఎల్ఈడీలు చాలమ్మా, చవగ్గా వస్తాయి అన్నా. డిమ్మర్‌తో అవి కుదరవు అంది. పట్టిన పట్టు వదల్లేదు."

"తర్వాత ఆ ఇంటివాళ్ళు మామూలు బల్బులు కొన్నారా?" లోగనాయకి అడిగింది.

"ఒక పెట్టె పోయింది. వరండాలకూ పనివాళ్ళ ఇళ్ళకూ అని చెప్పినారంట. ఆ పొద్దు మా తమ్ముడుండినాడు అంగట్లో. ఫారం వ్యాను వచ్చిందన్నాడు. ఎవురొచ్చినారో వాడికి గుర్తు లేదు."

ఫారం వ్యాను నడిపేది రాఘవనేనని మాడసామి మాటల్లో సాయిగణేష్ విని ఉన్నాడు. కారెక్కగానే ఉత్సాహంగా చెప్పేశాడు: "తేలిపోయింది అక్కా. రాఘవనే."

లోగనాయకి ఒళ్ళో సీతాపతి దగ్గర కొన్న మామూలు బల్బు ఒకటి ఉంది. దాన్ని చేత్తో తిప్పుతూ ఆవిడ కిటికీలోంచి వానను చూస్తోంది. కేసు తేలినప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే తృప్తి ఇవాళ లేదు.

"సాయీ, రేపు అందరినీ ఆ ఇంట్లో కూర్చోబెట్టాల. ఆ పిల్ల తల్లిని కూడా లాస్‌పేటనుంచి పిలవమందామా అని ఆలోచిస్తా ఉన్నా," అంది. కాసేపాగి, "వద్దులే. ఇది విన్నాక ఎవురి ముఖం చూడాలో ఆ పిల్లే తేల్చుకోవాల," అంది.

ఎందుకలా అందో సాయిగణేష్‌కు అర్థం కాలేదు.

*

మరుసటి రోజు మధ్యాహ్నం ఏంబలం ఇంటి హాల్లో అందరూ కూర్చున్నారు. అమ్మాయమ్మ, రాఘవన్, ముకుందన్, ఆర్తి. తలుపు పక్కన మాడసామి. సీతాపతి ఒక చెక్కమీద రెండు హోల్డర్లు, ఒక డిమ్మర్ బిగించి తెచ్చాడు. కిటికీలు మూశారు.

"ఇది ఆర్తి పెట్టించిన లైటు," అంది లోగనాయకి, ఒక హోల్డరులో పెడుతూ. "ఇది సీతాపతి గారి అంగట్లో దొరికే మామూలు బల్బు. చూడండి."

డిమ్మర్ నెమ్మదిగా తిప్పింది. ఆర్తి లైటు మెత్తగా తగ్గుతూ పోయింది. రెండో బల్బు మొదట తగ్గనే లేదు. తర్వాత గడగడ వణికింది. ఇంకాస్త తిప్పేసరికి టప్పున ఆరిపోయింది.

రాఘవన్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఆ పొద్దు... ఇట్లాగే ఆరిపోయింది."

"అవును. ఆ రోజు రెండో షెడ్డులో ఉండింది ఆర్తి లైట్లు కావు. ఇవి."

"మరి ఇప్పుడుండేవి?"

"తర్వాత మళ్ళీ పెట్టినవి. ఒకటో షెడ్డు, మూడో షెడ్డు లైట్లకు ఇన్నాళ్ళ దుమ్ము పట్టి ఉండాది. రెండో షెడ్డులోవి శుభ్రంగా ఉండాయి. కోళ్ళుండగా కడగరని మీరే చెప్పినారు. అంటే అవి ఇన్నాళ్ళూ ఏదో అట్టపెట్టెలో ఉండినాయి. ఆ షెడ్డు కోళ్ళ వీపులు చూడండి. అవి ఒక్క రోజు గాయాలు కావు. ఒకే బ్యాచ్, ఒకే మేత, పొడుచుకుంది మాత్రం ఒక్క షెడ్డులో. తెల్లటి అదురే వెలుతురు వాటిని పిచ్చెక్కించింది."

ఆవిడ తన ఫోనులో మాడసామి వీడియో పెట్టి అందరికీ తిప్పి చూపించింది. "ఈ వెలుతురు రంగు చూడండి, పాల తెలుపు. ఈ నల్లచారలు బల్బు అదురు. ఒకటో షెడ్డులో మీరు ఎన్ని వీడియోలు తీసినా రావు. ఇక ఈ బల్బులు ఇప్పుడు యాడుండాయంటే, పనివాళ్ళ వసారాల్లో. కొత్తవని ఇచ్చినారు. మెడల చుట్టూ షెడ్డులో పట్టిన పొట్టు దుమ్ము అట్లే ఉండాది."

"మరి రోజూ ఆరిపోయుండాల కదమ్మా?" అన్నాడు సీతాపతి. "ఆ ఒక్క పొద్దే ఎందుకు?"

"రోజూ ఆరినాయి. కానీ ఎండ వచ్చినాక. బయటినుంచి వెలుతురు పడతా ఉంటే బల్బు ఎట్లా ఆరితే కోడికేంది? తుపాను పొద్దు టార్పాలిన్లు దించినారు. అలవాటు లేని వేళ, చీకట్లో, పెద్దాయన డిమ్మర్ తిప్పినాడు. బల్బులు మార్చినవాళ్ళు అంతదూరం ఆలోచించలేదు. ఎవరినీ చంపాలని చేసిన పని కాదిది. గుడ్లు తగ్గాల, ఆర్తి లైట్లు పనికిరావని తేలాల. అంతే."

అందరి చూపూ రాఘవన్ మీదికి పోయింది. అతను లేచి నిలబడ్డాడు. "నన్నంటారా? లైట్లు పీకేస్తా అన్నానని?"

"కూర్చోండి. మీకు ఈ లైట్లు గిట్టవు, ఆ సంగతి ఊరంతటికీ చెప్పుకుంటారు. తిట్టదలచుకుంటే ఎదురుగా తిడతారు. చాటున బల్బు మార్చే రకం కాదు. పైగా ఆ సాయంత్రం మీరు నాయన్ని ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి పోయినారు. పోలీసులు రాకముందే ఎవరో నిచ్చెనేసుకుని రెండు వరసల లైట్లు మార్చినారు. మాడసామినీ వాడి భార్యనీ గుంత దగ్గరే ఉండమని చెప్పి, షెడ్డులో ఒంటరిగా ఉండింది ఎవరు? కోళ్ళు పొడుచుకుంటున్నాయని తెలిసి కూడా ఆర్తి చెవిన పడకుండా ఆపింది ఎవరు?"

సాయిగణేష్ ఆర్తి వైపు చూశాడు. ఆమె భర్త చేతులవైపు చూస్తోంది, ఆ చేతుల్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"ఇంక చెప్పొద్దండీ," అన్నాడు ముకుందన్. "నేనే."

అమ్మాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"డాక్టరు నాతో విడిగా చెప్పినాడు," అన్నాడతను. ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు నేలను చూస్తూ. "ఈ దుమ్ములోనే తిరిగితే ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడవని. ఆర్తికి చెప్తే నవ్వింది. నాయనకు చెప్తే, తగ్గినాక వస్తుందిలేరా అన్నాడు. రాత్రంతా దగ్గుతా ఉంటే పక్కన పడుకుని విన్నది నేను. ఒక్క షెడ్డులో గుడ్లు తగ్గితే చాలు, నాయనే విసుక్కుని ఇంక వద్దులే అమ్మా అంటాడనుకున్నా. అది ఇంటికాడ ఉండిపోతుంది, బతుకుతుంది. వ్యాను అడిగి తీసుకుపోయి బల్బులు తెచ్చినా. తెలుపు రంగేందని అడిగినోళ్ళకు, ఆర్తే మార్చి చూడమనిందని చెప్పినా. నాయన చీకట్లోకి ఉరుకుతాడని... నేను..."

"నాయన పడిపోయినాక కూడా?" రాఘవన్ అరిచాడు. "ఆయన నీకోసం అడగతా పోయినాడు రా! నువ్వు నిచ్చెనెక్కి బల్బులు మారుస్తా ఉన్నావా?"

"భయమేసింది అన్నా. బతుకుతాడనుకున్నా. బతికినాక ఎట్లా ముఖం చూపించాల అని... ఆఖరి బల్బు బిగిస్తా ఉంటే ఫోనొచ్చింది."

రాఘవన్ చెయ్యెత్తాడు. కొడతాడనుకున్నాడు సాయిగణేష్. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, తర్వాత తన ముఖాన్నే కప్పుకుంది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆర్తి లేచి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"నన్ను హంతకురాలంటా ఉంటే విన్నావు," అంది. "నాకు తిండి దిగకపోతే కలిపి తినిపించినావు. తప్పు నీది కాదు ఆర్తీ అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేకపోయినావా?"

అతను ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నా దగ్గు వినపడింది నీకు. నా మాట వినపడలేదు."

లోగనాయకి ముకుందన్ వైపు తిరిగింది. "ఇది హత్య కాదు. కానీ సాక్ష్యం మార్చినావు. ఒక మనిషి చావు గురించి స్టేషన్‌లో అబద్ధం రాసి ఉండాది. నేను పోయి చెప్పేకంటే నువ్వే పోయి చెప్పు నాయనా."

అతను తలూపి గుమ్మంవైపు నడిచాడు. రాఘవన్ కళ్ళు తుడుచుకుని, మేకుకున్న వ్యాను తాళాలు తీసుకుని తమ్ముడి వెనకే వెళ్ళాడు. ఆర్తి పక్కనుంచి పోతూ ఆగి, "అమ్మా ఆర్తీ..." అన్నాడు. మిగతా మాట దొరకలేదు. ఆమె కూడా సాయం చేయలేదు. వ్యాను వానలో కదిలిపోయిన చప్పుడు వినిపించింది.

అప్పుడు అమ్మాయమ్మ గోడ పట్టుకుని లేచింది. ఇన్నాళ్ళూ ముఖం చూడని కోడలి దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా ఆమెను పట్టుకుని నిలబడింది. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చెప్పడం కష్టమైంది. ఒకరు కొడుకు చేతిలో భర్తను పోగొట్టుకున్న మనిషి. ఇంకొకరు...

సాయిగణేష్ బయటికొచ్చేశాడు.

*

తిరుగుదారిలో సాయిగణేష్ కారు నడుపుతున్నాడు. ప్రతి కేసు తర్వాత ఆవిడను పొగడటం అతని అలవాటు. ఇవాళ పొగడ్త నోటికి రాలేదు.

"నిన్ననే తెలుసు కదక్కా మీకు?" అన్నాడు చివరికి. "ఆ అమ్మాయికి విడిగా ముందే చెప్పి ఉండొచ్చు కదా?"

"చెప్పి ఉంటే దాచిపెట్టేది. మొగుడి కోసం ఆ నింద తనే మోసేది జీవితాంతం." లోగనాయకి కళ్ళు మూసుకుంది. "మరి మంచి చేసినానో లేదో నన్నడగొద్దు సాయీ. నాకూ తెలీదు."

కారు టౌను దగ్గరపడుతుండగా ఆవిడ ఫోను మోగింది. ఆర్తి. లోగనాయకి స్పీకర్ పెట్టింది. అవతల దగ్గు.

"అక్కా..." అంది ఆర్తి. "స్టేషన్‌లో ఎంతసేపు ఉంచుతారు?"

"ఈ పూటకు వదలకపోవచ్చమ్మా."

వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"పొద్దున్నుంచీ ఆయన ఏమీ తినలేదు. అన్నం తీసుకుపోతే లోపలికి ఇవ్వనిస్తారా?"

లోగనాయకి కిటికీ వైపు తిరిగింది. ఆవిడ ముఖం సాయిగణేష్‌కు కనిపించలేదు.

"ఇస్తారమ్మా," అంది. "అడిగి ఇవ్వు. ఇస్తారు."